మామ్మగారింట్లో వెచ్చటి డబ్బా

ఆ రోజుల్లో నాకు రెండంటే భయం. పిల్లలు అడిగే ఇంగ్లీషు మాటల అర్థాలు ఒకటి, నా అద్దెగదిలో మంచం కింద ఉన్న రేకు డబ్బా రెండోది. మొదటి భయం ఎవరికైనా అర్థమవుతుంది. కొత్తగా రాజోలు దగ్గర ప్రైవేటు బడిలో చేరినదాన్ని, పాఠం ముందురోజే గట్టిగా చదువుకోకపోతే మర్నాడు నోరు పెగిలేది కాదు. రెండోదాని సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

గది మామ్మగారిది. ఒంటరి మనిషి, మడి కట్టుకునే ఆవిడ. గుమ్మం లోపలికి నీచు రాకూడదని ఒక్కటే షరతు పెట్టారు. ఆయ్ అన్నాను. (బడికి నడిచి వెళ్లే దూరంలో మరో గది లేదు. అది పోతే ఉద్యోగమూ పోయినట్టే.) నెల తిరక్కుండానే కొత్తపేటలో మా అమ్మ కాల్చి కట్టిచ్చిన ఎండు తునకలు తెచ్చి దాచాను. మా ఇంట్లో దాన్ని పెద్దకూర అంటాం. చదువుకున్న చుట్టాలు బీఫ్ అంటారు, ఇంగ్లీషులో అంటే వాసన తగ్గుతుందని కాబోలు.

ముసురు పట్టింది. ఒక సాయంత్రం తాళం తీసి డబ్బా ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మర్నాడూ అంతే. గోడలు చెమ్మగా, చల్లగా ఉన్నాయి, డబ్బా ఒక్కటే జ్వరం వచ్చిన మనిషిలా ఉంది. మూతకి నేను కట్టిన దారం ముడి మారింది. తునక ఒక్కటీ తగ్గలేదు. దొంగైతే తినేవాడు, ఎలకైతే కొరికేది. తినకుండా వెచ్చబెట్టి వెళ్లేది ఏమిటి? గోడమీద పటంలోంచి, మామ్మగారి భర్త, పోయిన తాతగారు, నన్నే చూస్తున్నారు. మధ్యాహ్నం గదిలో ఏమైనా అలికిడి అవుతోందా అని మామ్మగారిని అడిగాను. ఆవిడ తడిజుట్టు ఆరబెట్టుకుంటూ, తాతగారు అప్పుడప్పుడూ వచ్చి వెళ్తుంటారని మామూలుగా చెప్పారు. నేను పటానికి దణ్ణం పెట్టి, ఏసయ్యకి ప్రార్థన కూడా చేసుకున్నాను. (ఇద్దరికీ చెప్పుకోవడం మంచిదనిపించింది.)

ఆ వారమే పాఠంలో ఆ మాట తగిలింది. బీఫ్ అంటే ఫిర్యాదు, తగాదా, బీఫప్ అంటే బలం పెంచడం అని గదిలో గట్టిగా వల్లెవేశాను. డిక్షనరీలో మొదటి అర్థం మాంసం, దాని దగ్గర మాత్రం పెదవులే కదిపాను.

మర్నాడు వానకి బడి ఒంటిపూటే వదిలేశారు. వచ్చేసరికి గది తాళం తీసి ఉంది, డబ్బా లేదు. పెరటి నిండా పొగ, పొగలో వంగి ఏదో తెల్లచీర. చూస్తే మామ్మగారు. చూరు కింద కొబ్బరిమట్టలతో నీళ్లపొయ్యి రాజేసి, పాతగుడ్డతో నా డబ్బాని పట్టుకుని సెగకి తిప్పుతున్నారు.

"గది ఖాళీ చేసేస్తానండీ మామ్మగారూ," అన్నాను.

"ఈ ముసుర్లో బూజు పట్టేస్తుందమ్మా. మీ అమ్మ ఎంత కష్టపడి ఎండబెట్టిందో," అన్నారు. డబ్బా చేతికిచ్చి, "నిన్న మిగతా అర్థాలన్నీ అంత గట్టిగా చదివేవు, మొదటిది మింగేసేవేం? పిల్లలకి సగం చదువు చెప్పకు," అని నూతి దగ్గరికి వెళ్లి తలమీద నీళ్లు గుమ్మరించుకున్నారు. సాయంత్రాలు ఆవిడ జుట్టు ఎందుకు తడిగా ఉండేదో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు అమలాపురంలో నాకు సొంతిల్లుంది. క్లాసులో ఆ మాటొస్తే మొదటి అర్థం మొదటే, గట్టిగా చెప్తాను. తాతగారి పటానికి దణ్ణాలు పెట్టిన ఆ పిరికి టీచరమ్మ గుర్తొస్తే నవ్వొస్తుంది. అయినా ముసురు రోజుల్లో ఇంటికి రాగానే అలమరలో డబ్బా మీద చెయ్యి వేసి చూస్తాను. చల్లగానే ఉంటుంది.