పాతదాన్ని వదలని దశరథం సార్

మా దశరథం సార్ కొత్తదాన్ని ఏనాడూ వద్దనడు. కానీ ఆ కొత్తది తన నమ్మకం సంపాదించుకునే దాకా పాతదాన్ని వదలడు. ఆయన గురించి తెలుసుకోవాల్సింది ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క అలవాటుతో ఆయన మా ప్రాణాలు తోడిన కథ.

కొత్త చెప్పులు కొంటే పాతవాటిని గుడ్డసంచిలో వేసుకుని ఆఫీసుకు వస్తాడు.

"గవ్వెందుకు సార్?" అని అడిగితే, "కొత్తయి కరిస్తే నడిమిట్ల ఏం చెయ్యాలె, పద్మలతా?" అంటాడు. ఆ కొత్తవి అరిగిపోయి ఇంకో జత కొనే వేళకు గానీ వాటి మీద ఆయనకు నమ్మకం కుదరదు. అందువల్ల ఆ సంచి ఆయన చేతిలోంచి దిగిన రోజు నేను చూడలేదు.

ఇంట్లోకి కొత్త మిక్సీ వచ్చినప్పుడు సగం చట్నీ దాంట్లో, సగం పాతదాంట్లో రుబ్బించి రెండూ రుచి చూశాడని వాళ్లావిడ జ్యోతిరాణి నాతో మొత్తుకుంది. ఇల్లు మారినప్పుడైతే సామానంతా కొత్తింటికి చేర్చి, తాను మాత్రం స్నానానికి పాతింటికే వెళ్లేవాడు. కొత్తింటి నల్లా మధ్యలో ఆగిపోతే ఒంటి మీది సబ్బు సంగతేమిటని ఆయన భయం. పాతింట్లో అద్దెకు దిగినవాళ్లు తలుపు తీయడం మానేశాకే ఆ స్నానాలు ఆగాయి.

ఇలాంటి మనిషి మా ఆఫీసుకు మేనేజరు. మాది కరీంనగర్‌లో నీళ్ల ఫిల్టర్లు అమ్మి, బిగించి, బాగుచేసే కంపెనీ. చొప్పదండి, మెట్‌పల్లి, మంచిర్యాల దాకా కస్టమర్లున్నారు. నేను లెక్కలు చూస్తాను. నా పక్క బల్ల దగ్గర తారాబాయి కూర్చుంటుంది. కంప్యూటర్లో కస్టమర్ పేరు వెతికి, ఫిల్టరు మార్చే సమయమైందని ఫోన్ చేసి చెప్పడం ఆమె పని. ఆదిలాబాద్ వైపు మనిషి. భర్త లేడు. ఈ జీతం మీదే ఇల్లు నడుస్తుంది.

ఒకరోజు మా యజమాని ఓంప్రకాశ్ సేటు మహా హుషారుగా వచ్చి, కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నానని ప్రకటించాడు. సీఆర్‌ఎం అంటారట. కస్టమర్ల పేర్లు, ఫోన్లు, ఫిల్టరు ఎప్పుడు బిగించాం, ఎప్పుడు మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి. సమయం రాగానే అదే మెసేజ్ పంపుతుంది.

"ఇగ ఫోన్లు చేసే పనే లేదు. వచ్చే నెల నుంచి తారాబాయి రానవసరం లేదు" అన్నాడు సేటు, ఎదురుగా ఆమె ఉందని కూడా చూడకుండా.

తారాబాయి చేతిలోని ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది. దశరథం సార్ ఏమైనా అంటాడేమోనని చూశాను. ఆయన చెప్పుల సంచి సర్దుకుని, "మంచిదే సేటు. కని కొత్తదాని మీద నమ్మకం కుదిరేదాక పాతది నడుస్తనే ఉండాలె" అన్నాడు. మనిషి ఉద్యోగం పోతుంటే ఈయన గోల ఈయనదేనని తిట్టుకున్నాను.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి హైదరాబాద్ నుంచి సాయిచంద్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. వచ్చీ రాగానే దశరథం సార్ చేతికి చిక్కాడు.

"అన్ని పేర్లూ ఒకేసారి ఎక్కించేస్తా సార్. పది నిమిషాల పని."

"ఖరాబైతే వాపస్ తెచ్చుడు ఎన్ని నిమిషాల పని?"

దశరథం సార్ అతనిచేత ముందు పాత వివరాలన్నిటికీ పెన్‌డ్రైవుల్లో మూడు కాపీలు తీయించాడు. ప్రతిదానికీ పాస్‌వర్డ్ పెట్టించాడు. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి సేటు ఇంట్లో. మూడోది ఎక్కడని చూద్దును కదా, చెప్పుల సంచిలో వేసుకున్నాడు.

"సార్, సంచి ఎవరైనా ఎత్తుకెళ్తే?"

"గీ చెప్పులు చూసినోడు సంచి ముట్టుకుంటడా బిడ్డా?" అన్నాడు. అది మాత్రం మేమందరం ఒప్పుకున్నాం.

మొదట ఒక్క చొప్పదండినే మార్చి చూద్దామన్నాడు. సేటు విసుక్కున్నాడు. ఈయన కదల్లేదు. చివరికి చొప్పదండి ఒక్కటే కొత్తదాంట్లోకి వెళ్లింది. తెర మీద చూస్తే చొప్పదండిలో మాకు మిగిలింది ఒకే ఒక కస్టమరు. పేరు సక్కుబాయి. ఊళ్లోని ఫిల్టర్లన్నీ ఆమె ఇంట్లోనే ఉన్నాయి!

"గీమె నీళ్లు తాగుతదా, చెరువు నింపుతదా?" అన్నాడు దశరథం సార్.

సాయిచంద్ చెమటలు తుడుచుకుంటూ విషయం తేల్చాడు. ఫోన్ నంబరు ఒకటే అయితే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ పేర్లన్నీ ఒకే మనిషివి అనుకుని కలిపేస్తుంది. చొప్పదండిలో అందరి పేర్ల ముందూ ఒకటే నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే మా వెనక గదిలోనే మోగింది. అది ఫిల్టర్లు బిగించే మా మెకానిక్ అంజిది.

"నీ నంబర్ ఎందుకు రాసినవ్‌రా?" అని గద్దించాడు దశరథం సార్.

"ఖరాబైతే వాళ్లు నాకే ఫోన్ చేస్తరు కద సార్? మల్ల వాళ్ల నంబరెందుకు అనుకున్న" అన్నాడు అంజి అమాయకంగా. మెట్‌పల్లిలో, మంచిర్యాలలో కూడా అదే పని చేశానని గర్వంగా చెప్పాడు. ఆ ఊళ్లకు తారాబాయి కబుర్లు అంజి చేతే పంపేది కాబట్టి ఇన్నాళ్లూ ఇది ఎవరి కంటా పడలేదు.

సేటు కుర్చీలో కూలబడ్డాడు. అన్నీ ఒకేసారి మార్చి పాతదాన్ని ఆపేసి ఉంటే మా బయటూళ్ల కస్టమర్లందరూ కలిసి ఒక పిడికెడు మంది అయ్యేవారు. ఇంతకాలం కూడబెట్టిన వ్యాపారం పోయేది.

"ఇప్పుడేం చెయ్యాలె దశరథం?"

"అందర్నీ కనుక్కోవాలె. ఫోన్ చేసి వివరాలు అడగాలె. పాతదాంట్ల చూడాలె, కొత్తదాంట్ల సరిచెయ్యాలె. ఫోన్ల పని తారక్కది కద!"

తారాబాయి ముందు రెండు కంప్యూటర్లు వెలిశాయి. పాతదాంట్లో ఆమె మీటలు నొక్కి పనిచేసేది. కొత్తదానికి మౌస్ కావాలి. దాన్ని ఎటు జరిపితే తెర మీది బాణం ఎటు పోతుందో ఆమెకు అంతుపట్టేది కాదు.

"నాతోని కాదు, దశరథన్నా."

"నువ్వు చూస్తెనే నేను నమ్ముత అక్కా. నాకు యంత్రాలను నమ్ముడు రాదు, నీకెరుకే గద."

నేను ఉండబట్టలేక ఆయన మీద విరుచుకుపడ్డాను. "పోయేటామెను ఎందుకు పరేషాన్ చేస్తరు సార్?"

"పాతది జర ఉండనీ పద్మలతా" అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

తారాబాయి మాత్రం పట్టు వదల్లేదు. అంజిని వెంటపెట్టుకుని, అతని ఫోన్‌కు వచ్చిన కాల్స్ చూసి ఎవరి నంబరు ఏదో రాబట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లే.

"హనుమండ్లు బాపూ, ఫిల్టర్ కంపెనీ నుంచి. మీ వివరాలు కొత్తదాంట్లకు మారుస్తున్నం."

"నా ఫిల్టర్ మారుస్తరా? వద్దవ్వా, మంచిగనే ఉన్నది."

"ఫిల్టర్ కాదు బాపూ, మీ పేరు."

"నా పేరు మారుస్తరా?"

ఆ పెద్దాయన పేరూ ఫిల్టరూ రెండూ భద్రంగా ఉంటాయని నమ్మించి, నంబరు సరిచూసుకుని, కోడలి మోకాళ్ల నొప్పి సంగతి విని మరీ ఫోన్ పెట్టేది. పేరు సరైన చోట చేరితే, "ఆఁ, కూసున్నది!" అని మౌస్‌ను ఒక దెబ్బ వేసేది. రాన్రానూ ఆ మౌస్ ఆమె మాట వినసాగింది.

సేటు వారం వారం అడిగేవాడు. "ఇగ పాతది బంద్ చేద్దమా?"

"ఇంకా నమ్మకం కుదర్లే సేటు."

ఒకసారి కరెంటు పోతే ఎట్లుంటదో చూడాలె అన్నాడు. ఇంకోసారి వానలు పడితే ఎట్లుంటదో అన్నాడు. సాఫ్ట్‌వేర్‌కూ వానకూ ఏం సంబంధమో అడిగే ధైర్యం సాయిచంద్‌కు లేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మంచిర్యాలలోని ఒక బడి నుంచి ఫోన్ వచ్చింది. ఫిల్టరు ఆగిపోయింది, పిల్లలకు తాగే నీళ్లు లేవు. తారాబాయి కొత్త తెర మీద బడి పేరు తీసింది, ఏ భాగం పోయి ఉంటుందో చూసింది, ఆ దగ్గర్లో పనిమీదున్న అంజిని అటు మళ్లించింది. "టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి, మా పిలగాడు వస్తుండు" అంది. పాత కంప్యూటర్ వైపు తల కూడా తిప్పలేదు. నీళ్లు వచ్చాయని ఆ టీచరమ్మ సేటుకే ఫోన్ చేసి మెచ్చుకుంది.

సేటు వచ్చి తారాబాయి వెనక కాసేపు నిలబడి చూశాడు.

"తారాబాయీ, మెసేజ్‌లు అది పంపనీ. గిట్ల మాట్లాడెటందుకు మాత్రం నువ్వు ఉండాలె. గీ సీటు నీదే" అన్నాడు. తర్వాత మొహం గట్టిచేసుకుని దశరథం సార్ వైపు తిరిగాడు. "ఇప్పుడన్న పాతది బంద్ చేద్దమా?"

ఈసారి ఎండలు రావాలంటాడని మేమందరం సిద్ధంగా ఉన్నాం.

"చెయ్యిండ్రి సేటు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే" అని తానే లేచి పాత కంప్యూటర్ ఆపేశాడు.

సాయిచంద్ చాయ్ ఒలకబోసుకున్నాడు. నాకు అప్పుడు వెలిగింది. సాయంత్రం మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నిజం చెప్పుండ్రి సార్. మీకు నమ్మకం ఎప్పుడు కుదిరింది?"

దశరథం సార్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సాఫ్ట్‌వేర్ మీద ఎప్పుడో కుదిరింది పద్మలతా. సేటు మీద కుదరనీకెనే గిన్ని రోజులు పట్టింది."

ఎంత తిట్టుకున్నానో అంత ముద్దొచ్చాడు ఆ మనిషి నాకు. నవ్వుతూ ఆయన చంకలోని సంచి చూపించాను. "మరి గా పాత చెప్పులు కూడ ఇయ్యాల పారేస్తరా?"

ఆయన సంచిని గట్టిగా పట్టుకుని రెండు మెట్లు వెనక్కి జరిగాడు.

"తొందరపడకు. కొత్తయి ఇంకా వానల తడవలే."