మూడో చుక్క ఎటు పోతది

మా మేనత్త బక్కమ్మ చేతికి చేట ఇస్తే చాలు, లోకం మరిచిపోతుంది. కందులు ఎగరేస్తే పొట్టు గాలికి పోతుంది, గింజలు బుద్ధిగా చేటలోకే వచ్చి పడతాయి. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే చింతకి ఊళ్లోని పుట్టింటికి చేరి, ఇద్దరు తమ్ముళ్లను చంకనేసుకుని పెంచింది. పెద్దవాడు హన్మయ్య మా నాన్న, చిన్నవాడు శాంతరాజు మా చిన్నాయన.

మొన్న వేసవిలో వేరుపడ్డారు మహానుభావులు. ఎడ్లు, బిందెలు అన్నీ పంచుకున్నాక అత్త మిగిలింది.

"ఆర్నెల్లు నీ ఇంట్ల, ఆర్నెల్లు నా ఇంట్ల," అన్నాడు నాన్న.

"ముందుగాల నువ్వే పెట్టుకో," అన్నాడు చిన్నాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీద కందులు చెరుగుతున్న అత్తకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. మనసు మళ్లించాలని పక్కన కూర్చున్నాను. బీదర్ కాలేజీలో నేను చదివేది చుక్కల గురించే. ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాను.

"ఒక్క మబ్బుల పుట్టిన మూడు పసి చుక్కలత్తా. చుట్టూ అవి దుమ్ము చక్రాలు. పైకీ కిందికీ చిమ్ముతున్నయి చూడు. మీద పడేదాంట్ల కొంత అట్ల చిమ్మేస్తెనే మిగిలింది లోపలికి చేరుతది, చుక్క పెరుగుతది."

"చెరుగుతున్నయన్నట్టు," అంది అత్త చేట ఆపి. "మూడూ కలిసే ఉంటయా?"

"చానాసార్లు ఉండవు. ఒకదాన్నొకటి గుంజుకుంటయి గద, రెండు దగ్గరైతయి, మూడోది బయటపడ్తది."

అనేసి నాలుక కరుచుకున్నాను. అత్త నవ్వింది.

"ఎటు పోతది బిడ్డా అది?"

"ఎటన్న పోతది. ఒక్కతే."

"ఉత్త చేతులతోనా?"

"లేదత్తా. దగ్గరి దుమ్ము కొంత చుట్టూ పట్టుకునే పోతది. ఆ దుమ్ములనే దానికి కొత్త లోకాలు పుట్టొచ్చు."

అత్త చాలాసేపు బొమ్మనే చూసింది. ఎండలో పొట్టు ఇంకా తేలుతూనే ఉంది, కిందికి దిగాలని దానికీ తొందర లేదు. ఆ మధ్యాహ్నం మా అరుగు కూడా మెల్లగా తిరుగుతున్నట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చేట చంకన పెట్టుకుని బీదర్ బస్సెక్కింది. తమ్ముళ్లిద్దరూ పరుగెత్తుకొచ్చారు. "అక్కా, ఊరు నవ్వుతది!"

"నవ్వనియ్యిర్రి. కడుపు నిండ నవ్వనియ్యిర్రి," అంది కిటికీలోంచి.

ఇప్పుడు బీదర్ గింజల బజారు గాంధీ గంజ్‌లో ఒక అడ్తి దుకాణం ముందు కూర్చుని, కూలికి గింజలు చెరుగుతుంది. దగ్గర్లోనే చిన్న గది. ఆమె చుట్టూ ఎప్పుడూ దుమ్ము, పిచ్చుకలు, పక్కవాళ్ల పిల్లలు, ముచ్చట్లు. నేను కాలేజీ అయ్యాక అక్కడే తేలుతుంటాను.

మొన్న నాన్న వచ్చాడు. "ఇంటికి రా అక్కా. వంతులు లేవు, గింతులు లేవు." అంతకుముందు చిన్నాయన కూడా ఆ మాటే అని వెళ్లాడట.

"నాకు ఇల్లున్నది రా," అంది అత్త తల ఎత్తకుండా. "మీరే రార్రి. ఇద్దరు కలిసొస్తే బువ్వ పెడ్త. ఒక్కొక్కడొస్తే తలుపు తియ్య."

ఈ ఆదివారం ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. అత్త చెరగడం ఆపలేదు. ఇద్దరూ ఆ పొట్టులోనే నిలబడ్డారు, బట్టలు కూడా దులుపుకోలేదు.