బాపట్ల తొట్టిలో నానిన కామలు

మా ప్రాంతపు పనివాళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నిజాంపట్నంలో పడవలు కట్టేవాళ్ళ గురించి రాశారు, తెనాలిలో తలుపుల మీద లతలు చెక్కేవాళ్ళ గురించి రాశారు. ఆ చెక్కంతా గొడ్డలి లేకుండానే నేలకు దిగినట్టు, ఆ గొడ్డలికి కర్ర దానంతటదే మొలిచినట్టు, నా దగ్గరికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు. రేపల్లెలో స్టేషను రోడ్డు పక్కన పాక వేసుకుని, అరవైల్లోనూ డెబ్బైల్లోనూ గొడ్డళ్ళకు కామలు తొడిగాను. అడిగేవాళ్ళు లేరు కనక నేనే రాస్తున్నాను.

కామ అంటే గొడ్డలికి వేసే కర్ర. నాకు పెళ్ళయిన ఏడాదే మా నాన్న ఆ పని నా చేతిలో పెట్టాడు. నెలకోసారి రైల్లో తెనాలి వెళ్ళి, పాత ఇనుము కొట్లలో గొడ్డలి తలలు ఏరి తెచ్చేవాడిని. కొత్తవి మెరుస్తాయి గానీ, వేలితో మీటితే పాతవి మోగినట్టు మోగవు. సంచి నింపుకుంటుంటే కొట్టువాడు ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: “ఏంటబ్బాయ్, తలలే కొంటున్నావు, మొండేలు అక్కర్లేదా?”

“మొండేలు మా ఇంట్లో పండుతాయండి,” అనేవాడిని.

అది నిజమే. నిటారుగా ఉన్న నల్లతుమ్మ కొమ్మలు కోసి, వంటింటి అటక మీద ఏడాది పాటు పొగ తగిలేలా పడేసేవాళ్ళం. “బియ్యం బస్తాకి చోటు లేదు గానీ మీ కర్రలకి ఉందండీ,” అని మా ఆవిడ సణిగేది. కానీ కొమ్మ ఎండిందో లేదో నాకంటే ముందు ఆవిడే చెప్పేది. కర్రను కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని, “ఇది ఇంకా పచ్చిదే” అనేది. ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు.

విరిగిన పాత ముక్క తలలో ఇరుక్కుంటే చాలామంది పొయ్యిలో పడేస్తారు. కర్ర కాలిపోతుంది, దాంతో పాటు ఇనుము పదునూ పోతుంది. నేను బరమాతో తూట్లు వేసి, ఆ ముక్కను కొద్దికొద్దిగా తోడేసేవాడిని. కామను గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, తల కిందికి వేలాడేలా నిలువుగా గాలిలో పట్టుకుని, వెనక కొసను చెక్క సుత్తితో కొట్టేవాడిని. కింద ఆసరా ఏమీ ఉండదు. అయినా తల తన బరువుకు తానే ఆగి, దెబ్బ దెబ్బకూ కామ మీదికి ఎక్కుతుంది. రైలు కోసం వచ్చినవాళ్ళు గారడీ చూసినట్టు నిలబడిపోయేవాళ్ళు. చివర రంపంతో నెర్రె కోసి, చింత చేవతో చెక్కిన చీలను అందులో దిగ్గొట్టేవాడిని. ఇనప మేకు ఎన్నడూ వాడలేదు. ఆ కొసకు ఆముదం, ఇక పీల్చనని అది మొరాయించేదాకా పట్టించేవాడిని.

ఇంత పనిని తెనాలిలో ఒక పెళ్ళి బంతిలో, తలుపులు చేసే వడ్రంగి ఒకాయన, “కామలు తొడగడం కూడా ఒక పనేనా?” అన్నాడు. నా విస్తట్లో పప్పు వడ్డిస్తున్నారు అప్పుడు. రెండేళ్ళ తర్వాత ఆయన బాడిసకే కామ విరిగి, నా పాకకు వచ్చాడు. చేసిచ్చాను. చేత్తో ఊపి చూసుకుని వెళ్ళిపోయాడు. బాగుంది అనలేదు.

అసలు విషయం బాపట్లది.

డెబ్బైల మొదట్లో, బాపట్ల దగ్గర ఇసుక నేలలో సరుగుడు తోట ఉన్న ఒక పెద్దాయన నా పని గురించి విని, ముప్పై గొడ్డళ్ళకు కామలు కావాలని కబురు పెట్టాడు. అంత పెద్ద పని మా నాన్నకు కూడా రాలేదు. రెండు నెలలు కూర్చుని చేశాను. గోనెసంచుల్లో కట్టి, తెనాలిలో బండి మారి, నేనే తీసుకెళ్ళి తోట మేస్త్రీకి అప్పగించాను.

“నీళ్ళల్లో మాత్రం వెయ్యకండి మేస్త్రిగారూ,” అన్నాను.

“ఏంటి బాబాయ్, గొడ్డళ్ళకి స్నానం కూడా వద్దా?” అన్నాడు. కూలీలు నవ్వారు.

“వద్దండి. వదులైతే కబురు పెట్టండి, నేనే వస్తాను.”

“మాదీ రేపల్లె వైపే బాబాయ్. వదులైతే ఏం చెయ్యాలో మాకు తెలవదా?”

అదే చిక్కు. మా వైపు ఏ ఇంటి ముందు చూసినా కాలువే. గొడ్డలి కాస్త కదిలితే కాలువలో పడేసి మర్నాడు తీస్తారు. కర్ర ఉబ్బి బిగుస్తుంది. మా తేమ గాలికి ఆ బిగువు నాలుగు రోజులుంటుంది. కానీ ఇనప కన్నంలో ఉబ్బడానికి చోటేదీ? కర్ర తనను తానే నలుపుకుంటుంది, ఆరాక ముందుకంటే సన్నమవుతుంది. బాపట్ల ఇసుకలో ఎండ పైనుంచీ కిందనుంచీ కాలుస్తుంది. అక్కడ మధ్యాహ్నానికే ఆరిపోతుంది.

మూడు వారాలకు కార్డు వచ్చింది. తల ఊడి ఎగిరి ఒక కూలీ పిక్కకు రాసుకుపోయిందట, నీ కామలు పనికిరావు, వచ్చి పట్టుకుపో అని.

ఆ రోజే బయలుదేరాను. ముందు ఆ కూలీ ఇంటికి వెళ్ళి కాలు చూశాను. తోలు లేచింది, అంతే, దేవుడి దయ. తర్వాత తోటకు వెళ్ళాను. పెద్దాయన మంచం మీద కూర్చుని, పనివాళ్ళందరి ముందూ, “ఏమయ్యా, నీ పేరు విని తెప్పిస్తే మా మనిషి కాలు తీసేసేవాడివే!” అన్నాడు.

ఆయన వెనకే సిమెంటు తొట్టి. అందులో నా గొడ్డళ్ళు నీళ్ళలో తలలు ముంచుకుని, కామలు బయటికి పెట్టుకుని ఉన్నాయి. లెక్కపెట్టాను. ఊడినదాంతో కలిపి ఇరవై తొమ్మిది.

“ముప్పయ్యోది ఏదండీ?”

ఒక ముసలి కూలీ ముందుకొచ్చాడు. “నాది నా దగ్గరే ఉందయ్యా. ఈయన వద్దన్నాడుగా. వద్దన్నాక ఎందుకు ముంచుతాను?”

ఆ గొడ్డలి తీసుకుని మేస్త్రీ చేతిలో పెట్టి, తల లాగమన్నాను. లాగాడు. ఇంకొకణ్ణి సాయం పిలిచి లాగాడు. వెంట్రుకంత కూడా కదల్లేదు. మేస్త్రీ ఇసుక వైపు చూశాడు.

“ఇదీ నా చేతిదేనండి,” అన్నాను పెద్దాయనతో. “నీళ్ళు తగలనిది ఇలా ఉంది. తగిలినవి అలా ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి.”

“సరే, చూద్దాంలే. విచారించి చెప్తాను,” అని కండువా దులుపుకుని లేచాడు.

నా పేరు మీద ఒక్క వదులు గొడ్డలి కూడా తిరగకూడదని, అక్కడే మూడు రోజులుండి, మా ఇంటి నుంచి ఎండు కర్రలు తెప్పించి, ఇరవై తొమ్మిదీ మళ్ళీ తొడిగాను. తొట్టిని బోర్లించేదాకా కదల్లేదు. ఆ గొడ్డళ్ళతో తోట రెండు విడతలు నరికారని, ఒక్కటీ ఊడలేదని ఆ ముసలాయనే తర్వాత నాకు చెప్పాడు. ఆ మాట మాత్రం తోట దాటి రాలేదు. ఊడిన కబురైతే నాకంటే ముందే తెనాలి చేరింది. పాత ఇనుము కొట్టువాడు, “బాపట్లలో నీ మొండెం ఊడిందటగా?” అన్నాడు. నాలుగు నెలలు కొత్తపని రాలేదు.

పెద్దాయనకు కార్డులు రాశాను. జవాబు లేదు. ఒకసారి బాపట్ల స్టేషనులో ఎదురుపడి అడిగితే, “ఇంకా అదేనా?” అన్నాడు. ఇంకా అదేనండి.

తల ఊడిన ఆ కామను వెంట తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా పాకలో మేకుకు వేలాడుతోంది. నలిగిన చోటు నలిగినట్టే ఉంది, గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. బాపట్ల తోటవారూ, మీరు విచారిస్తానన్నారు. మీకు రావడం కుదరకపోతే మీ మేస్త్రీనైనా పంపండి. దాన్ని చేత్తో పట్టుకుని, ఆనాడు నన్ను అన్నట్టే పదిమంది ముందూ చెప్పండి: ఆ కామ నా చేతిలో చెడిందా, మీ తొట్టిలో చెడిందా?