స్టెఫ్కా ఇంటి కింది కాపురం

ఇన్‌వుడ్ అనే చలిప్రాంతపు ఊరి దగ్గర స్కూలు బస్సు నడిపే స్టెఫ్కాకు సెప్టెంబరు వచ్చిందంటే బస్సులో చీపురు ఉండాల్సిందే. మనుషులకు హాని చేయని పసుపు చారల గార్టర్ పాములు చిత్తడి నేలల నుంచి బారులు తీరి రోడ్డు దాటుతాయి. ఆమె బస్సు ఆపి దిగి, "పదండమ్మా, నాకు బడికి టైమవుతోంది" అంటూ వాటిని మెల్లగా పక్కకు తోస్తుంది. పిల్లలు కిటికీల్లోంచి చప్పట్లు కొడతారు.

వాటిలో కొన్ని నేరుగా ఆమె ఇంటికే వస్తాయి. పునాది రాళ్ల పగులులో దూరి, మంచు దిగని లోతున ఒకదాన్నొకటి చుట్టుకుని శీతాకాలం గడుపుతాయి. వసంతంలో ఎండ తగలగానే బయటపడి, పెళ్లిళ్లు కానిచ్చుకుని, కప్పల వేటకు వెళ్లిపోతాయి. దారి తప్పిన ఒకటీ అరా నేలమాళిగలో బంగాళాదుంపల బుట్ట మీద తేలుతుంది. భర్త పోయాక స్టెఫ్కాకు ఇంట్లో తోడంటే అవే.

ఈ ఏడు పక్క పొలం పానాస్‌తో పెళ్లి కుదిరింది. మంచివాడే, పాము పేరెత్తితే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. వేసవిలో ఆమె తన చెల్లెలింటికి వెళ్లినప్పుడు అతను పునాది పగులుకు సిమెంటు మెత్తి, దాని ముందు కట్టెలు పేర్చాడు. పెళ్లినాడు చూపించి మెప్పు పొందుదామని.

సెప్టెంబరులో కట్టెల మోపు చుట్టూ పాములు కుప్పపడ్డాయి. స్టెఫ్కా కట్టెలు లాగి, వెనక సిమెంటు చూసి పానాస్‌ను పిలిచింది.

"ఏం పని చేశావయ్యా పానాస్?"

"నీకోసమే స్టెఫ్కా! అవి ఇంకో కన్నం చూసుకోవా?"

"ఏటా వాసన పట్టుకుని ఈ కన్నానికే వస్తాయి. గడ్డకట్టే చలి పడితే ఇక్కడే బిగుసుకుపోతాయి."

"అంటే అవీ నేనూ ఒకే కప్పు కిందా?"

"నువ్వు పైన, అవి కింద. నీలా గురక కూడా పెట్టవు."

ఆమె సుత్తి, ఉలి తెచ్చి కొట్టడం మొదలెట్టింది. పెచ్చు కూడా లేవలేదు.

"సిమెంటు బాగానే కలిపావులే," అంది రొప్పుతూ.

పానాస్ కాసేపు నిలబడి చూశాడు. తర్వాత సుత్తి అందుకున్నాడు. ఒక పాము బూటెక్కితే కళ్లు మూసుకుని కొట్టాడు. భయంతో చెయ్యి విదిలిస్తే, అంతకంటే భయపడిన ఇంకోటి ఆ చేతి మీదే కంపు వదిలింది. చివరికి సిమెంటు ముక్క ఊడిపడింది. ముందున్న పాము నాలుక ఆడించి, ఏమీ జరగనట్టు లోపలికి పోయింది.

భోజనాల బల్ల దగ్గర పానాస్ ఆ చెయ్యి దూరంగా పెట్టుకుని బోర్ష్ అనే బీట్‌రూట్ పులుసు తాగుతున్నాడు.

"వెనిగర్‌తో కడుక్కోలేకపోయావా?"

"కడిగా. పోలేదు. పెళ్లికీ ఇదే కంపుతో రావాలేమో."

"వస్తావుగా మరి?"

అతను రొట్టె తుంచి పులుసులో ముంచాడు.

"వస్తా. నేలమాళిగలోంచి బంగాళాదుంపలు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి."

స్టెఫ్కా అతని గిన్నెలో ఇంకో గరిటె వేసింది.