గాలిలో ఆగిన విసురు వల

ఈ ప్రయాణం కొల్లేరు చూడాలన్న సరదాతో మొదలవలేదు, మా నాన్న మీద పంతంతో మొదలైంది. ఏలూరులో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఫోటో అంటే కదలనిది, అంతే, అన్నది ముప్ఫై ఏళ్ళుగా నాన్న సిద్ధాంతం. కాస్త చెదిరినా "షేక్ అయింది" అని ప్రింటు చించి బుట్టలో వేస్తారు. వీధిలోకి కనిపించే గాజు షోకేసులో ఆయన తీసిన పెళ్ళికూతుళ్ళు, రిటైరైన హెడ్మాస్టర్లు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటారు. నేను పదేళ్ళుగా కౌంటరు పక్కన పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాను. నా ఫోటో ఒక్కటీ ఆ షోకేసు ఎక్కలేదు. పెళ్ళిళ్ళకు పంపమని అడిగితే, పెళ్ళిలో ఎవరూ నీ కోసం ఆగరమ్మా అనేవారు.

పోయిన చలికాలంలో ఒక స్కూలు ఆటల పోటీలకు వెళ్ళి హైజంప్ చేస్తున్న అమ్మాయిని తీశాను. కర్ర స్పష్టంగా వచ్చింది, అమ్మాయి మాత్రం మసక మసకగా సాగిపోయింది. నాన్న చూసి నవ్వారు. తిట్టినా పడేదాన్ని గానీ ఆ నవ్వు భరించలేకపోయాను. కదిలేదాన్నే తీసుకొస్తాను, ఎక్కడా షేక్ లేకుండా తీసుకొస్తాను, తెస్తే అది షోకేసులో పెట్టి నన్ను పెళ్ళిళ్ళకు పంపాలి అన్నాను. తేలేకపోతే? అన్నారు నాన్న. తేలేకపోతే కౌంటరు దాటను, ఇంకెప్పుడూ అడగను. కోపంలో అనేశాను, ఇక వెనక్కి తీసుకోలేదు. నాన్న తన పాత కెమెరా, ఒక్కటంటే ఒక్క బ్లాక్ అండ్ వైట్ రోలు నా చేతిలో పెట్టారు. దీనికి కలరు దండగ అన్నారు.

శుక్రవారం ఉదయం ఆరింటికి ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సు ఎక్కాను. టిక్కెట్టు పన్నెండు రూపాయలు. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రికే ఏలూరు చేరుకోవడం మంచిది, తెల్లవారి రైలుకు వస్తే మంచి వెలుతురు దాటిపోతుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. శ్రీపర్రు దాటాక రోడ్డుకు రెండువైపులా నీళ్ళే, నీళ్ళ మీద గుర్రపుడెక్క, దాని మీద తెల్లకొంగలు. గంట లోపే పెదయడ్లగాడి వంతెన దగ్గర దిగాను. టీ కొట్టాయన రెండు రూపాయలకే గ్లాసు నిండా టీ పోసి, విసురు వల వేసేవాళ్ళు ఎవరున్నారని అడిగితే గట్టు మీద వల బాగుచేసుకుంటున్న నాగరాజును చూపించాడు. వల విసురుతుంటే ఫోటో తీసుకుంటానండీ అంటే నాగరాజు వెంటనే ఒప్పుకున్నాడు. ఇప్పుడే వస్తానని ఇంటికి వెళ్ళాడు.

వెళ్ళినవాడు ఎంతకీ రాడు. ఎండ ఎక్కుతోంది, నీళ్ళ మీద బంగారం రంగు తెల్లబడుతోంది. చివరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతికి వాచీ. వెనకే భార్య మంగ, పెట్టెలోంచి అప్పుడే తీసిన మడతలు పోని చీరలో. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫోటో అనగానే మా స్టూడియోకు వచ్చేవాళ్ళందరూ ఇలాగే వస్తారు మరి, వీళ్ళను అని ఏం లాభం?

తాటి దోనె వెనకవైపు మంగ గెడ పట్టుకుని నిలబడింది, ముందువైపు నాగరాజు వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. నేను గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, దోనె పక్కనున్న గుర్రపుడెక్క పువ్వుకు ఫోకస్ సరిచేసి, షట్టరు సెకనులో వెయ్యో వంతుకు పెట్టాను. నాగరాజు నడుము వెనక్కి తిప్పాడు. నేను కన్ను కెమెరాకు ఆనించాను. అంతే, మనిషి తిప్పిన నడుము తిప్పినట్టే బిగుసుకుపోయి లెన్సులోకి చూస్తూ నిలబడ్డాడు. విసరండి అన్నాను. మళ్ళీ వెనక్కి తిరిగాడు, మళ్ళీ ఆగాడు. మూడోసారి విసిరాడు గానీ ముఖం నా వైపే ఉండడంతో వల ముద్దగా నీళ్ళలో పడింది. రోలు చాలావరకు ఇలాగే పోయింది. ఇక ఉండబట్టలేక, ఎందుకండీ మాటిమాటికీ ఆగిపోతారు అని విసుక్కున్నాను.

"మీరే కదలొద్దంటున్నారు కదండీ," అన్నాడు నాగరాజు, పెదవులు కూడా సరిగ్గా కదపకుండా.

నేనా? మంగ గెడ మీద గడ్డం ఆనించి, అవునండీ, కెమెరా ఎత్తిన ప్రతిసారీ మీరు "రెడీ, కదలకండి" అంటున్నారండీ అని నెమ్మదిగా చెప్పింది. నిజమే. పదేళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు నా నోట్లో కూర్చుని ఉన్నాయి. కన్ను లెన్సుకు తగిలితే చాలు, మాట దానంతటదే వచ్చేస్తోంది, నాకే వినిపించడం లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఇది నాన్న స్టూడియోలో పుట్టిన బుద్ధి. మూడు నెలలుగా నాన్నతో పోట్లాడుతున్నానని అనుకుంటుంటే, ఆయన నా నోట్లోంచే మాట్లాడుతున్నారు. సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. జేబులోంచి లెన్సు మూత తీసి పళ్ళ మధ్య గట్టిగా కరిచిపెట్టుకున్నాను. ఇప్పుడు అను చూద్దాం, అనుకున్నాను.

నా నోరు మూతబడింది గానీ నాగరాజు బిగువు వదల్లేదు. ఇంకో రెండు ఫ్రేములు పోయాయి, ఇక రెండే మిగిలాయి. మూత నోట్లో ఉంది కాబట్టి నేను ఏమీ చెప్పలేను, చేతులు ఊపడమే. అప్పుడు మంగకే విసుగొచ్చింది.

"ఏవయ్యా, మధ్యాహ్నం ఫోటో పులుసు పెట్టుకుందామా? ఇంట్లో ఉల్లిపాయలు తప్ప ఏం లేవు."

నాగరాజుకు ఒక్కసారి ఇల్లు గుర్తొచ్చినట్టుంది. తెల్లచొక్కా విప్పి మడిచి మంగకు ఇచ్చాడు, వాచీ చొక్కా జేబులో వేశాడు, తువ్వాలు నడుముకు బిగించాడు. ఇక నా వైపు చూడలేదు. నీళ్ళలో ఎక్కడో చిన్న బుడగలు చూసుకుంటూ మంగకు చేత్తో సైగ చేశాడు, దోనె మెల్లగా పువ్వు పక్కకు జరిగింది. ఒళ్ళంతా మెలితిప్పి, వదిలాడు. వల విచ్చుకున్నాక నొక్కితే ఆలస్యమని ఇందాక ముద్దగా పడిన వలతోనే తెలిసింది నాకు. చేతులు వలను వదులుతున్నాయనగానే, ఏమీ చూడకముందే నొక్కేశాను. నొక్కిన వేలికే తెలిసిపోయింది దొరికిందని. మూత కరుచుకునే గట్టు మీద గెంతాను. ఆ వలలో నాలుగు గొరక చేపలు కూడా పడ్డాయి.

డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ వద్దన్నారు. ఆ వల ఫోటోలో ఈయన ముఖమైనా కనబడదు, దాన్ని ఇంట్లో ఎవరు తగిలించుకుంటారండీ, మాకు మంచిది ఒకటి తీయండి అంది మంగ. నాగరాజు మళ్ళీ చొక్కా వేసుకున్నాడు, వాచీ కనిపించేలా చేయి పెట్టాడు. చివరి ఫ్రేము వాళ్ళకే. మూత నోట్లోంచి తీసి, ఆ రోజు మొదటిసారి తెలిసే, సంతోషంగా, "రెడీ, కదలకండి" అన్నాను.

వాళ్ళింట్లో గొరకల పులుసుతో అన్నం పెడతామంటే కూడా ఆగలేదు. నాన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చేలోగా రోలు కడగాలి. పదిన్నర బస్సుకు వెనక్కి వచ్చి డార్క్‌రూములో దూరాను. నెగటివు ఆరుతుండగానే నాన్న వచ్చారు. టోపీ కూడా తీయకుండా భూతద్దం తీసుకుని దీపానికి ఎదురుగా పట్టుకున్నారు. వల అంచు పొడవునా సీసపు గుండ్లుంటాయి, వాటి మీదుగా భూతద్దాన్ని ఒకవైపు నుంచి మరోవైపు దాకా జరిపారు. మళ్ళీ మొదటికి వచ్చారు. వల చుట్టూ చెదిరిన నీటిబొట్లు చూశారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఒక్క గుండూ షేక్ కాలేదు," అన్నారు నాన్న. భూతద్దం కింద పెట్టి, "ఎల్లుండి పెదపాడులో పెళ్ళి ఉంది. నీకెన్ని రోల్స్ కావాలి?" అన్నారు.

సాయంత్రానికి పెద్ద ప్రింటు వేసి షోకేసులో నడిమి పెళ్ళికూతురిని తీసి అక్కడ పెట్టారు. నేను రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి తనివితీరా చూసుకున్నాను. ఇంతకాలం నాన్న చెప్పింది తప్పని నిరూపించాలనుకున్నాను. తీరా చూస్తే ఆయన అడిగినదే నేనూ తెచ్చాను, ఏదీ చెదరని ఫోటో. కాకపోతే ఆయన మనుషుల్ని ఆపి తీస్తారు, నేను ఆపకుండా తీశాను. గెలిచింది మాత్రం నేనే, అది ఆయన కూడా ఒప్పుకుంటారు.

మీరూ కొల్లేరుకు వెళ్ళి వల ఫోటో తీయాలనుకుంటే ఎనిమిదింటి లోపు ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి, నాలుగువందల స్పీడు రోలు, వెయ్యో వంతు షట్టరు చాలు, వల పడే చోటికి ముందే ఫోకస్ పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, లెన్సు మూతను జేబులో వేసుకోకండి, పళ్ళతో కరుచుకోండి. నా మూత మీద పంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. పెదపాడు పెళ్ళికీ దాన్నే కరుచుకుని వెళ్ళాను, తలంబ్రాలు గింజ గింజా గాలిలోనే దొరికాయి.