సోఫా వాయిదా

మా పక్కింటి లియోనిస్ సురెట్ చేపల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు కత్తి పట్టిన మనిషి. కెనడా తీరాన మా పబ్నికో రేవులో ఆవిడ నోటికి జంకనివాళ్ళు లేరు. సోఫాలో స్ప్రింగు పైకొచ్చి గుచ్చుతోందని ఆ శీతాకాలం కొత్తది కొంటానని పట్టుబట్టింది.

"బ్యాంకులో దాచితే ఏడాదికి వందకి రెండు డాలర్లిస్తారే. దానికోసం నోరు కట్టుకోవాలా? ఉన్నన్నాళ్ళు మెత్తగా కూర్చుంటా," అంది. డబ్బు తీయడానికి నేనూ బ్యాంకుకి తోడు వెళ్ళాను.

కౌంటర్ దగ్గర ఆవిడ అల్లుడు ఆర్డెల్ ఉన్నాడు. పడవ ఇంజను మూలుగుతోంది, సీజను మొదలై, లాబ్‌స్టర్లు పట్టే బోనులు సముద్రంలో దించే సోమవారం ముంచుకొస్తోంది. కొత్త ఇంజనుకి అప్పడిగితే వందకి పద్నాలుగు వడ్డీ అన్నారు.

"వద్దులెండి, పాతదానితోనే లాగిస్తా," అని తిరిగి, అత్తగారిని చూసి గబగబా బయటికి నడిచాడు.

లియోనిస్ కౌంటర్ మీద మోచేతులు ఆనించింది. "నా డబ్బుకి నాకు రెండు. అదే మా అల్లుడికిస్తే పద్నాలుగు. మధ్యలో పన్నెండు ఎవరు తింటున్నారమ్మా?"

"జీతాలు, అద్దె, ఎగ్గొట్టేవాళ్ళు కూడా ఉంటారు కదండీ," అంది కౌంటర్లో పిల్ల. నిజమే కావచ్చు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

లియోనిస్ ఆర్డెల్‌ని బ్యాంకు వాకిట్లో పట్టుకుంది. "ఆ డొక్కు ఇంజనుతో డిసెంబరు సముద్రం మీదికి పోతావా? నా కూతురేమైపోవాలి?"

"నీ దగ్గర చెయ్యి చాచను అత్తా."

"ఊరికే ఎవరిస్తానన్నారు? వందకి ఎనిమిది. బ్యాంకు నాకిచ్చేదానికంటే ఆరెక్కువ, నీ దగ్గర అడిగేదానికంటే ఆరు తక్కువ. ఎగ్గొట్టావో, క్రిస్మస్‌కి నేను చేసే బంగాళాదుంపల రాపీ పై ముట్టనివ్వను."

"అయితే చచ్చినట్టు కడతాను," అని నవ్వేశాడు.

సోఫా మాట మళ్ళీ ఎత్తలేదావిడ. ఎనిమిదొస్తుంటే పాతదే మెత్తగా ఉందంది.

బోనులు దించే రోజు ఊరంతా రేవులోనే ఉంది. కొత్త ఇంజనుతో ఆర్డెల్ పడవ ఎక్కడా ఆగకుండా రాళ్ళకట్ట దాటేదాకా లియోనిస్ నా చెయ్యి వదల్లేదు. నా వేళ్ళు నలిగిపోయాయి.

సీజను ముగిశాక అసలూ వడ్డీ కలిపి పట్టుకొచ్చాడు. ఆవిడ వడ్డీ మాత్రం తీసుకుంది.

"అసలు నీ దగ్గరే ఉండనీ నాయనా, కొత్త బోనులు కొనుక్కో. నా దగ్గరుంటే మళ్ళీ సోఫా మీదికే పోతుంది మనసు."

ఆర్డెల్ అత్తగారిని పక్కకి జరగమని, స్ప్రింగు పైకొచ్చిన చోట తను కూర్చున్నాడు.