సామేలు కోసం చేయించిన ప్రార్థన

యాభై ఏళ్లు దాటింది. ఈ మాటను ఇంతకాలం ఎట్లా మోశానో నాకే తెలియదు. భార్యకు చెప్పలేదు. పాస్టరుకు చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నప్పుడు కూడా మిగతా తప్పులన్నీ వరసగా ఒప్పుకుని, ఈ ఒక్కదాన్ని మాత్రం దాటేసేవాణ్ణి, దేవుడికి ఇది తెలియదన్నట్టు. నువ్వెవరో నాకు తెలియదు. నేనెవరో నీకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. సామేలుదీ అదే ఊరు, అదే బడి, అదే చర్చి. ఇద్దరం కలిసి పట్నంలో బీఎస్సీలో చేరాం. మొదటి సంవత్సరం పూర్తి కాకముందే అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం మొదలై కాలేజీలు మూతపడ్డాయి. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చేశాం.

ఏమాట కామాటే, అట్లాంటి ఎండకాలం నాకు మళ్లీ రాలేదు. ఒకటే సైకిలు, ఇద్దరం. సామేలు తొక్కేవాడు, నేను వెనక కూర్చుని ఎదురుగాలిని తిట్టేవాణ్ణి. చేవెళ్ల అంగడిలో వేడివేడి మిర్చీలు, మొయినాబాదు హోటల్లో ఒక చాయ్ రెండు సాసర్లలో. బుద్ధి పుడితే గండిపేట దాకా పోయి, నీళ్ల మీది గాలికి అంగీలు విప్పి కూర్చునేవాళ్లం. ఎక్కడ చూసినా గోడల మీద జై తెలంగాణ. చేవెళ్లలో సర్కారు ఆఫీసు ముందు రోజూ కొందరు సత్యాగ్రహానికి కూర్చునేవారు, పోలీసు లారీ వచ్చి ఎక్కించుకు పోయేది. జైలుకు పోయేవాడు ఆ రోజుల్లో పెళ్లికొడుకుతో సమానం. పూలదండలు, డప్పులు, ఊరంతా సాగనంపడం. మా ఇద్దరికీ పోవాలని ఉండేది. పోలేదు. ఎందుకంటే మేం ఇద్దరం ఒక పని కోసం కాచుకుని ఉన్నాం.

మొయినాబాదు అవతల అప్పట్లో ఒక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. అక్కడి ల్యాబులో పని నేర్చుకోవడానికి కాలేజీ పిల్లవాడొకడు కావాలని డాక్టరమ్మ మా పాస్టరుతో చెప్పి పంపింది. ఇప్పుడు దాన్ని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మాకు ఆ మాట తెలియదు, ట్రైనింగ్ అనేవాళ్లం. ఇద్దరం ఒకే సైకిలు మీద పోయాం, ఒకే ఒక్క చోటు కోసం. అప్పుడది మాకు వింతగా కూడా అనిపించలేదు.

డాక్టరమ్మది కేరళ. మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి, ఏం కనిపిస్తే అది బొమ్మ గీయమన్నది. సామేలు చెయ్యి వణకకుండా మలేరియా పురుగును ఉన్నదున్నట్టు గీసి ఇచ్చాడు. నేను చూసి గీసినవి క్రిములు కావట, నా కనురెప్పల వెంట్రుకలట. ఆమె పగలబడి నవ్వింది. సామేలు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ నా బొమ్మ కాగితాన్ని నలిపి జేబులో కుక్కుకున్నాను.

ఎంచుకున్నవాడికి దవాఖానలోనే గది, రెండు పూటలా అన్నం. కాలేజీ తెరిచినా అక్కడినుంచే బస్సులో పోయి చదువుకోవచ్చు. మా బాపు బడిపంతులు. నాకు అన్నానికి కొదవ లేదు, నాకు కావలసింది ఆ తెల్లకోటు. సామేలు వాళ్ల బాపు కూలికి పోయేవాడు. కాలేజీ తెరిచినా ఇక పంపడం నాతోని కాదు బిడ్డా అని కొడుకుకు ముందే చెప్పేశాడు. ఆ చోటు దొరికితేనే సామేలుకు చదువు, లేకపోతే లేదు. ఈ సంగతి నాకు తెలుసా? తెలుసు. బాగా తెలుసు.

డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. ఒక్కరోజు కూడా మానకూడదు, సమ్మెకూ జైలుకూ పోయే పిల్లలు వద్దు, రోగి కాచుకుని కూర్చోడు అన్నది. ఆదివారం మా చర్చికి వస్తానని, ఆరాధన అయ్యాక ఎవరిని తీసుకునేదీ చెబుతానని అన్నది.

వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. మా చర్చిలో వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరు ప్రార్థన మనవులు అడుగుతాడు. ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఒకావిడ కూతురి కాన్పు గురించి చెప్పింది. ఒకాయన తప్పిపోయిన బర్రె గురించి చెప్పాడు. తరువాత నేను లేచాను.

"మన సామేలు తెలంగాణ కోసం రేపు జైలుకు పోతుండు. లాఠీ దెబ్బలు తాకకుంట దేవుడు కాపాడాలె. అందరు ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాను.

చర్చి అంతా ఒక్కసారి స్తోత్రం అన్నది. సామేలును కన్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముసలివాళ్లు లేచి వాడి తల మీద చేతులు పెట్టారు. ఆ చేతుల కింద సామేలు కళ్లు తెరిచి నా వైపు చూశాడు. నేను మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాను.

బయటికి రాగానే వాడు నన్ను గోడ పక్కకు గుంజాడు.

"పోతనని నేనెప్పుడన్ననురా?"

"నిన్న నువ్వే అంటివి గద, అందరు పోవట్టిరి, మనమే మిగిలినమని."

"అంటే మాత్రం... ఇప్పుడు పోకుంటే ఊర్ల మొఖమెట్ల సూపియ్యాలె? అవ్వ అందరికి చెప్పుకుంటున్నది." తరువాత నా భుజం తట్టాడు. "తియ్యి. నీ దిల్ మంచిదే. దోస్తు కోసమే జేసినవ్."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

డాక్టరమ్మ నన్ను పిలిచి, వాడు మంచి పిల్లవాడు, కానీ నాకు రోజూ వచ్చేవాడు కావాలి, నువ్వు రా అన్నది. పాము చచ్చింది, కర్ర విరగలేదు. మర్నాడు పొద్దున ఊరంతా సామేలు మెడలో దండలు వేసింది. నేనూ ఒకటి వేశాను.

ఆ క్షణంలో కాళ్లు వాటంతటవే లేచాయని, దోస్తు మీద ప్రేమతో నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ పొద్దున బావి దగ్గర స్నానం చేస్తూ ఆ మాటలను కూర్చుకున్నాను. "రేపు" అనాలా, "తొందరలో" అనాలా అని కూడా ఆలోచించాను. పొగడ్తకు ఎవరూ ఎదురు చెప్పలేరని ఆ వయసులోనే నాకు ఎవరు నేర్పారు?

సామేలు జైలు నుంచి వచ్చేసరికి వానలు పడ్డాయి. కాలేజీలు మళ్లీ తెరిచారు. వాడు రాలేదు. నేను ల్యాబు పని నేర్చుకుని, డిగ్రీ చేసి, పట్నంలో పెద్ద దవాఖానలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వాడు కౌలుకు భూమి పట్టి ఉల్లిగడ్డలు, కొత్తిమీర పండించాడు. ఆ భూమిని దాని యజమాని అమ్ముకున్నాక జన్వాడ వైపు ఒక ఫామ్‌హౌసుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇప్పటికీ అక్కడే. కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రతిసారీ లేచి, దేవుడు తనకు చేసిన మేలంటూ సాక్ష్యం చెబుతాడు. చేవెళ్లలో అందరి వీపుల మీద లాఠీలు పడ్డాయి, నా మీద ఒక్కటీ పడలేదు, నా దోస్తు చేయించిన ప్రార్థన వల్లనే అంటాడు. జనం నా వైపు తిరిగి మెచ్చుకోలుగా చూస్తారు. నేను బైబిలు తెరిచి ఏదో పేజీ వెతుకుతున్నట్టు నటిస్తాను.

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల మొయినాబాదు దగ్గర కాలేజీలో ఫస్టియర్. ఇప్పటినుంచే ఇంటర్న్‌షిప్ చేయాలని పట్టుబట్టింది. ఎవరికైనా చెప్పమని అడగడానికి వచ్చారు. చాయ్ తాగుతూ ఆ పిల్ల, "తాతా, మీకు ఫస్టియర్‌లనే ఎట్ల దొరికింది?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే సామేలు అందుకున్నాడు. "ప్రార్థనతోని దొరికింది బిడ్డా" అన్నాడు. ఎగతాళి లేదు, వెటకారం లేదు. నిండు మనసుతో అన్నాడు.

అప్పుడైనా చెప్పవలసింది. వాళ్లు లేచి చెప్పులు వేసుకునేదాకా సమయం ఉంది. చెప్పలేదు. తెలిసినవాళ్లకు ఫోన్ చేశాను, ఆ పిల్లకు పని దొరికింది. సామేలు రెండు చేతులూ జోడించి మళ్లీ నాకే దండం పెట్టాడు. దీంతో చెల్లుకు చెల్లు అనుకుందామని చూశాను. మనసు ఒప్పుకోలేదు. నిజం చెబితే వాడి చదువు తిరిగి రాదు. పైగా బతుకంతా పట్టుకుని ఉన్న ఆ ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. వాడి మీద దయతో ఊరుకుంటున్నానా, భయంతోనా? భయంతోనే.

అందుకే కనీసం ఇక్కడ తిన్నగా రాస్తున్నాను. ఆ రోజు సామేలును కాపాడమని నేను ప్రార్థన చేయించలేదు. వాడు పోవాలని చేయించాను. దేవుడి ముందు నిలబడి, ఊరంతా వినేలా, గట్టిగా అడిగాను. ఆ మాట ఇంతవరకూ నా ఒక్కడికే తెలుసు. ఇప్పుడు నీకూ తెలుసు.